ధర్మదండం ఉన్నచోటే సభ

మణిశైల దేశపు మహాసభలో ఆ ఉదయం నుంచి జరిగిన పని ఒక్కటే. సభాపతిని ఆయన పీఠం మీద కూర్చోబెట్టారు.

అదీ తేలిగ్గా జరగలేదు. సభాపతి అయినవాడికి పదవి మీద ఆశ ఉండకూడదని ఆ దేశపు ఆచారం. అందుకని ఆయన రోజూ పొద్దున్నే "నాకొద్దు బాబోయ్, నాకొద్దు" అంటూ వాకిలి దగ్గరి స్తంభాన్ని కావలించుకోవాలి. సభ్యులు చెరో రెక్కా పట్టుకుని ఈడ్చుకువెళ్లి పీఠం మీద పడెయ్యాలి. ఇప్పటి సభాపతి శాంతభూతి భారీ మనిషి, పైగా ఆచారమంటే ప్రాణం పెట్టే మనిషి. ఆయన స్తంభాన్ని వదిలేసరికి పొద్దు బారెడెక్కింది.

డేగలకోన ప్రతినిధి వేషంలో, పెట్టుడు గడ్డం కింద చెమటలు కక్కుతూ కూర్చున్న మారసింహుడికి ఒళ్లు మండిపోయింది.

మండదూ మరి! అక్కడ సరిహద్దున డేగలకోన దుర్గాన్ని ధూమజంఘుడనే మాంత్రికుడి మట్టిభూతాలు చుట్టుముట్టి ఉన్నాయి. ఒక్కొక్కటి తాడిచెట్టంత. కత్తితో పొడిస్తే కత్తి మట్టిలో దిగబడిపోతుంది. బాణం వేస్తే గుచ్చుకుని ఊరుకుంటుంది. వాటిని నుగ్గు చెయ్యగలిగినవి ఏనుగు పాదాలే. కోటలో బావులు అడుగంటాయి. పిల్లల నాలుకలు పిడచగట్టాయి. కోటను కాస్తున్నది మారసింహుడి అక్క చంద్రవంక. "ఎల్లుండి తెల్లవారేదాకా తలుపులు నిలబెడతానురా తమ్ముడూ. ఆ తర్వాత నా వల్ల కాదు. నాకు ఉపన్యాసాలు వద్దు, ఏనుగుల్ని పంపించు" అని చెప్పి అతన్ని సొరంగంలోంచి సాగనంపింది. మంచంపట్టిన అసలు ప్రతినిధి అక్కనార్యుడు తన తలపాగా, ఉత్తరీయం ఇచ్చాడు. గడ్డం మాత్రం మేకది.

పోనీ ఏనుగులు లేవా అంటే, ఉన్నాయి. సభాభవనం చుట్టూ దుక్కల్లాంటి ఏనుగులు వందలకొద్దీ బారులు తీరి, చెవులు విసురుకుంటూ చెరకు నములుతున్నాయి. అవి రాజుగారివి కావు, సభవి. సభ తీర్మానం లేనిదే వాటి గొలుసు విప్పరు. ఆ తీర్మానం పొద్దుగుంకేలోగా కావాలి. కాకపోతే రద్దయిపోయి, వచ్చే అమావాస్య సభలో మళ్లీ మొదటికొస్తుంది. ఈ సాయంత్రం బయల్దేరితే ఏనుగులు తెల్లవారేసరికి డేగలకోన చేరతాయి. అమావాస్యకు బయల్దేరితే చేరేది శ్మశానానికి.

సభామండపాన్ని చూస్తే మాత్రం ఎవరికైనా చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. స్ఫటికపు గుమ్మటంలోంచి జారిన ఎండ ఏడు రంగులుగా విరిగి నేలంతా పరుచుకుంది. చంద్రకాంత శిలాస్తంభాలకు పగడపు తీగలు, తీగలకు పచ్చల ఆకులు, ఆకుల చాటున నీలాల కళ్లతో బంగారు చిలుకలు. దంతపు ఆసనాలు ఎదురెదురుగా రెండు బారులు. ఇద్దరు వీరులు చెరో వైపు నిలబడి కత్తులు చాచినా మొనలు తగలనంత ఎడం వాటి మధ్య. ఆ ఎడానికి అటొకటి, ఇటొకటి కెంపులు పొదిగిన ఎర్రగీతలు. నట్టనడుమ మరకతపు పద్మం, దాని మీద నిలువెత్తు ధర్మదండం. తూర్పున ఒకే ఒక్క మహాద్వారం. దాని కంచు తలుపుల మీద మనిషి చెవిని పోలిన ఒక ఇత్తడి చెవి.

ఇంత అందంలోనూ పనికొచ్చే మాట ఒక్కటీ వినబడలేదు.

"ఏం నాయనా, కొత్తా?" అంది పక్క ఆసనంలో తమలపాకులకు సున్నం రాసుకుంటున్న పేరిందేవమ్మ. ఆమె పాలవాగు సీమ ప్రతినిధి. ఆమె జుట్టు నెరిసింది ఈ సభలోనే.

"నేను అక్కనార్యుణ్ణి. ముప్ఫయ్యేళ్లుగా మీ పక్కనే కూర్చుంటున్నాను" అన్నాడు మారసింహుడు గొంతు వణికిస్తూ.

"అవునవును. అక్కనార్యుడు ముప్ఫయ్యేళ్లుగా నా ఆకులు దొంగిలిస్తూనే ఉన్నాడు. నువ్వు పొద్దుటి నుంచీ ఒక్కటీ ముట్టలేదు. పైగా నీ మణికట్టు చూస్తే మదపుటేనుగును కట్టెయ్యొచ్చు. నాకెందుకులే! డేగలకోన వాడివైతే చాలు."

మారసింహుడు చేతులు ఉత్తరీయంలో దాచుకున్నాడు. "అవ్వా, తీర్మానం ఎప్పుడు మొదలుపెడతారు?"

"ఆగవయ్యా. ఇంకా రాజుగారి మొహాన తలుపెయ్యలేదు."

అదీ అయింది. ఏనుగుల్ని పంపమని వేడుకుంటూ రాజుగారి దూత పరుగున రాగానే, ద్వారపాలకులు అతని ముక్కు చితికేలా తలుపులు దభాలున మూశారు. సభ రాజుకు లొంగదని చూపించడానికి అలా చెయ్యాలట. దూత తలుపు తట్టాడు.

"ఎవరది?"

"రాజుగారి దూతను."

"ఏ రాజు?"

"అయ్యా, ఈ దేశానికి ఉన్నది ఒక్కరే రాజు కదా!"

"పేరు చెప్పి అడుగు!"

ఈ గొడవంతా ముగిసి దూత లోపలికొచ్చేసరికి, వేడుకోవాల్సిన మాట మర్చిపోయి ముక్కు పట్టుకుని నిలబడ్డాడు. సభ్యులు బల్లలు చరిచి సంతోషించారు.

"నాకు తిక్క రేగితే ఆ దండాన్ని పట్టుకుపోయి, ఏనుగుల్ని నేనే తోలుకుపోతాను" అన్నాడు మారసింహుడు పళ్లు నూరుతూ.

"దాని జోలికి మాత్రం పోకు. అది ఉన్నచోటే సభ. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో ఎవరో తెలివిగలవాడు మెరుగు పెట్టించడానికని దాన్ని కంసాలి ఇంటికి పంపాడు. ఇంకేముంది, సభంతా వెళ్లి కంసాలి పెరట్లో కూర్చోవాల్సొచ్చింది. సభ ఎక్కడుంటే కాపలా ఏనుగులు అక్కడ ఉండాలి కదా! పాపం, ఆ కంసాలి అరటితోటలో పిలకైనా మిగల్లేదు. ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు."

కంసాలి అరటితోట మీద మారసింహుడికి ధ్యాస లేదు. ఎదుటి బారులో నల్లరేవు సీమ ప్రతినిధి భద్రాయుధుడు లేచి నిలబడ్డాడు. ఎర్రగా బుర్రగా, మెడలో ముత్యాల పేటతో, నవ్వుతూ. ఏనుగుల తీర్మానం మీద మొదటి మాట ఆయనదే.

"సభాపతి మహాశయా! ఏనుగుల్ని పంపే ముందు ఏనుగు అంటే ఏమిటో సభ తెలుసుకోవాలి కదా. సృష్టి ఆదిలో..."

మారసింహుడు నెత్తి పట్టుకున్నాడు.

మాట్లాడే సభ్యుడు గుక్కెడు నీళ్లు తాగేదాకా అతన్ని ఎవరూ ఆపకూడదని ఇంకో ఆచారం. నీళ్ల మనిషి చెంబు పట్టుకుని ఎదురుగానే నిలబడి ఉన్నాడు. భద్రాయుధుడు చెంబు వంక చూడనైనా చూడలేదు. పాలసముద్రం దగ్గర మొదలుపెట్టి ఏనుగు పుట్టుక, తొండం, దంతం, దాని తోక వెంట్రుకల మహిమ, ఒక్కొక్కటే విప్పుకుంటూ పోయాడు. మధ్యాహ్నం అయింది. సభ్యులు కొందరు గురకపెట్టారు. ఆచారం ప్రకారం మెలకువగానే ఉన్నట్టు లెక్క. గుమ్మటంలోంచి పడే ఎండ తూర్పు గోడ ఎక్కడం మొదలుపెట్టింది. కోటలో అక్క ఆఖరి నీటిబొట్టు ఎవరి నోట్లో పోస్తోందో!

మారసింహుడు ఇక ఓర్చుకోలేకపోయాడు.

"ఓయ్! నువ్వు ఆపుతావా లేదా?"

గురకలు ఆగిపోయాయి. సభంతా నోరెళ్లబెట్టింది.

"'నువ్వు' అన్నాడు!"

"సభ్యుడితో నేరుగా మాట్లాడాడు! సభాపతికి చెప్పకుండా!"

శాంతభూతి పీఠం మీద నిటారుగా లేచాడు. "డేగలకోన వారు ఏం చెప్పుకున్నా సభాపతికి చెప్పుకోవాలి."

"సభాపతి మహాశయా! నల్లరేవు వారి నోరు మూయించండి. మీ వల్ల కాకపోతే నేను మూయిస్తాను."

"మొదటి వాక్యం మర్యాదగానే ఉంది. రెండోది మళ్లీ వినబడితే డేగలకోన వారిని పేరు పెట్టి పిలవాల్సొస్తుంది."

సభ్యులు కొందరు చెవులు మూసుకున్నారు.

"పిలిస్తే పిలవమనండి. పేరు పెట్టి పిలిస్తే చస్తామా?" అని గొణుగుతూ కూర్చున్న మారసింహుడి తొడ మీద పేరిందేవమ్మ గట్టిగా గిల్లింది.

"చస్తావు. ఇక్కడ అందరికీ సీమ పేరే గాని సొంత పేరు లేదు. సభాపతి నోట సొంత పేరు వచ్చిందంటే వెలివేసినట్టే. ప్రమాణం చేసిన రోజున ప్రతివాళ్లం ఆ తలుపు చెవిలో పేరు చెప్పుకున్నాం. సభాపతి ఆ పేరు పిలిస్తే, ఆ మనిషి లోపలుంటే, తలుపులు వాటంతటవే తెరుచుకుని బయటికి దారి ఇస్తాయి. ఇప్పుడు 'అక్కనార్యా' అని పిలిచాడనుకో. అక్కనార్యుడు ఇక్కడ ఉన్నాడా? తలుపులు కదలవు. నీ గుట్టు రట్టు. వేషంతో సభలో కూర్చున్నవాడికి ఏనుగు పాదమే శిక్ష."

"ఏనుగుల కోసమేగా వచ్చాను" అన్నాడు మారసింహుడు నీరసంగా.

అప్పుడే ముందు వరసలో ఎవరో దగ్గారు. ఇంకెవరో దగ్గారు. "సాంబ్రాణి ఎక్కువేసినట్టున్నారు" అని ఒకాయన విసుక్కున్నాడు. మారసింహుడు పొగ ఎటునుంచి వస్తోందా అని చూశాడు. ధూపపాత్రలు ఎప్పుడో ఆరిపోయాయి. సన్నని నల్లటి పొగ భద్రాయుధుడి పట్టుపంచె అంచు కిందనుంచి సుళ్లు తిరుగుతూ పాకుతోంది. ఆయన మాటల్లో ఉత్సాహం పెరిగేకొద్దీ అది చిక్కబడుతోంది.

అలా పొగలు కక్కే పిక్కల్ని మారసింహుడు ఇంతకు ముందు ఒక్కడికే చూశాడు. కోట బయట ధూమజంఘుడితో కలబడినప్పుడు ఆ పొగకే అతనికి ఊపిరాడలేదు. ఆ పెనుగులాటలో మాంత్రికుడు ప్రాణంలా చూసుకునే రెండు జడల్లో ఒకటి తెగి చేతికొచ్చింది. దాన్ని ఇప్పటికీ నడుముకు చుట్టుకునే ఉన్నాడు.

ఓరి దుర్మార్గుడా! కోట బయట భూతాల్ని నిలబెట్టి, ఇక్కడికొచ్చి ఏనుగు తోక వెంట్రుకల గురించి చెబుతున్నావా!

లేచి అరవబోయి ఆగిపోయాడు. అరిచి లాభమేముంది? సభ్యుణ్ణి మాంత్రికుడని అనవచ్చునా కూడదా అని వీళ్లు మరో చర్చ మొదలుపెడతారు. ఆ చర్చ ముగిసేసరికి డేగలకోనలో గడ్డి మొలుస్తుంది.

"అవ్వా, చర్చ లేకుండా, అప్పటికప్పుడు సభాపతి పేరు పెట్టి పిలిచి తీరాల్సిన తప్పు ఏదైనా ఉందా?"

"ఎర్రగీత దాటడం. బొటనవేలు దాటినా చాలు. వెనకటికి ఇక్కడ కత్తులు దూసుకున్నారట, అందుకని."

మారసింహుడు ముసలివాడిలా మూలుగుతూ లేచి, తన వైపు గీత అంచుదాకా నడిచి వెళ్లి అక్కడే చతికిలబడ్డాడు. నడుముకున్న జడను తీరిగ్గా విప్పాడు. ఒక చెప్పు విడిచి చేతిలోకి తీసుకుని, ఆ జడతో దుమ్ము దులపడం మొదలుపెట్టాడు.

"గజరాజు గమనమందు... గమనమందు..." భద్రాయుధుడి గొంతు తడబడింది.

మారసింహుడు చెప్పును అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. మడమ దగ్గర ఇంకా బురద ఉంది. జడ కొస మీద తుపుక్కున ఉమ్మి, ఆ బురదను శ్రద్ధగా రుద్దాడు.

భద్రాయుధుడి గొంతులోంచి మనిషి అరుపు కాని అరుపు ఒకటి వెలువడింది. రెండు చేతులూ చాచి జడ మీదికి దూకాడు. అతని కుడిపాదం ఎర్రగీతకు ఇవతల పడింది.

"గీత! గీత! గీత దాటాడు!"

ఒక కోట దాహంతో చస్తోందంటే పొద్దుటి నుంచీ కళ్లైనా విప్పని పెద్దమనుషులు, పాదం గీత దాటిందనేసరికి కుర్రాళ్లలా ఎగిరి ఆసనాలెక్కారు. ఒకాయన గుండెలు బాదుకున్నాడు. మరొకాయనకు కన్నీళ్లొచ్చాయి. మారసింహుడికి వాళ్లందర్నీ కట్టగట్టి బావిలో పడెయ్యాలనిపించింది. అయినా ఇప్పుడు వాళ్ల వెర్రే అతనికి దిక్కు.

శాంతభూతి లేచాడు. ఆయన ఏలుబడిలో ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. "నల్లరేవు సీమ ప్రతినిధి... భద్రాయుధా!"

అందరి తలలూ ద్వారం వైపు తిరిగాయి. తలుపులు కదల్లేదు.

"భద్రాయుధా!" అని ఆయన గొంతు చించుకున్నాడు. తలుపులు కిర్రుమనైనా అనలేదు.

పేరిందేవమ్మ తాంబూలం బుగ్గన పెట్టుకుని, పద్ధతిగా పీఠం వైపు తిరిగి నమస్కరించింది. "సభాపతి మహాశయా! ఆచారం ప్రకారం భద్రాయుధుడు ఈ సభలో లేడు. మరి పొద్దుటి నుంచీ మనకు ఏనుగుల గురించి చెబుతున్న ఈ మహానుభావుడు ఎవరో తమరు కనుక్కోవాలి."

కనుక్కునే అవసరం లేకపోయింది. ముత్యాల పేట తెగి జలజలా రాలింది. ఎర్రని మొహం మాడిన అట్టులా నల్లబడింది. తలపాగా ఎగిరిపోయి, దాని కిందనుంచి ఒక పక్క ఒంటిజడ, రెండో పక్క మొండి కుచ్చు బయటపడ్డాయి. పంచె కింద కాళ్లు లేవు, పొగ సుడి ఉంది. ధూమజంఘుడు!

"పొద్దు ఇంకా ఉంది! ముందు ఓటు పెట్టండి మహాప్రభో!" అని అరిచాడు మారసింహుడు.

"సభలో పరాయివాడు ఉండగా ఓటు పెట్టకూడదు" అన్నాడు శాంతభూతి, పీఠం కిందనుంచి.

ధూమజంఘుడు విరగబడి నవ్వాడు. "ఓటా? దండం లేనిదే మీకు సభే లేదు!" అంటూ మరకతపద్మం మీది ధర్మదండాన్ని ఊడబెరికి, గుమ్మటం వైపు లేచాడు.

మారసింహుడు కత్తికోసం చూడలేదు. ఎర్రగీతలు రెండూ ఒక్క అంగలో దాటి, పద్మం మీద కాలు మోపి ఎగిరి, దండం కొసను రెండు చేతులా పట్టుకున్నాడు.

"డేగలకోన వారు కూడా గీత దాటారు!" అని ఎవరో కేక పెట్టారు.

"అక్కనార్యా!" అన్నాడు సభాపతి అలవాటుకొద్దీ. తలుపులు కదల్లేదు. పైనుంచి మేకగడ్డం ఒకటి ఊడి వచ్చి ఆయన పీఠం మీద పడింది.

మరుక్షణం స్ఫటికపు గుమ్మటం భళ్లున పగిలింది. సాయంకాలపు గాలి ఈడ్చి మొహాన కొట్టింది. కింద నగరం గవ్వలు పరిచినట్టు చిన్నదైపోయింది. ధూమజంఘుడు నగరం మీదుగా డేగలకోన వైపు దూసుకుపోతున్నాడు. జడ ఒక్కటే మిగలడం వల్ల ఒక పక్కకు ఒరిగిపోతూ, తిట్టుకుంటూ సర్దుకుంటున్నాడు. మారసింహుడు అతని కాలు పట్టుకోబోతే పొగ తప్ప ఏమీ దొరకలేదు. దండాన్ని లాక్కోవడానికి శక్తికొద్దీ పెనుగులాడాడు.

"లాగు, లాగు! నీ ఏనుగులు ఇక గొలుసు తెంచుకోవురా! అసలు భద్రాయుధుడు నా గుహలో రాయై పడి ఉన్నాడు. రేపటికి నీ అక్క వాడి పక్కన చేరుతుంది."

ఆ మాటకు మారసింహుడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఓడిపోయానే అనుకుంటూ ఆఖరిసారి వెనక్కి చూశాడు.

సభాభవనం వాకిట్లో స్తంభాన్ని కావలించుకున్న ఒక భారీ ఆకారాన్ని జనం ఈడుస్తున్నారు. ఆ ఆకారాన్ని ఏనుగు అంబారీలో పడేశారు. దాని వెనక తలపాగాల గుంపు అంబారీల్లోకి ఎగబాకుతోంది. గొలుసులు ఊడుతున్నాయి. తీర్మానం లేదు, ఓటు లేదు. దండం ఎటు పోతోందో సభ అటు కదిలింది, సభ వెంట ఏనుగులు కదిలాయి. కంసాలి అరటితోట! ముందు ఏనుగు మీద పేరిందేవమ్మ ఆకుల పెట్టె ఊపుతూ దారి చూపిస్తోంది.

మారసింహుడు పెనుగులాట మానేశాడు. దండాన్ని లాక్కోవడం కాదు ఇప్పుడు కావాల్సింది. ఈ త్రాష్టుడు వెనక్కి తిరిగి చూడకుండా డేగలకోన చేరాలి. అతను గొంతు సవరించుకున్నాడు.

"సభాపతి మహాశయా! ఏనుగు తోక వెంట్రుకల విషయంలో నల్లరేవు వారు ఉదయం చెప్పినదానితో నేను ఏకీభవించలేకపోతున్నాను. సృష్టి ఆదిలో..."

"ఏమిట్రా ఈ వాగుడు?"

"నల్లరేవు వారు నాతో నేరుగా మాట్లాడకూడదు. సృష్టి ఆదిలో..."

అడవులు దాటారు. వాగులు దాటారు. రాత్రి గడిచిపోతోంది. మారసింహుడు పాలసముద్రం నుంచి ఐరావతం దాకా వచ్చి, మర్చిపోయానంటూ మళ్లీ పాలసముద్రానికి వెళ్లాడు. ధూమజంఘుడు చెవులు మూసుకుందామంటే చేతులు ఖాళీ లేవు. "ఆపరా, నీ కాళ్లకు దణ్ణం పెడతాను, ఆపు!" అని అతను వేడుకునేసరికి తెల్లవారుజాము వెలుగులో ఎదురుగా గద్దముక్కు కనుమ కనబడింది. దానికి ఇవతల, దారి పక్కన, అడుగు తెలియని అగాధం. అవతల వాలులో డేగలకోన, దాని బురుజు మీద ఇంకా దిగని జెండా.

సరిగ్గా అప్పుడు, చాలా వెనక, లోయలన్నీ మారుమోగేలా ఒక ఘీంకారం వినిపించింది.

ధూమజంఘుడు తిరిగి చూశాడు. మైళ్ల పొడవున లేచిన ఎర్రదుమ్మును చూశాడు. చేతిలోని దండాన్ని చూశాడు. ఆచారాలు నేర్చుకునే సభలో దూరాడు గనక, అతనికి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అయితే ఇది అగాధంలోకే పోవాలి" అన్నాడు. "సభనూ అందులోకే దూకమను!"

పిడికిలి విప్పాడు.

పడటం ఎలాగూ ఖాయమే. పడేదేదో డేగలకోన వైపు పడాలి. మారసింహుడు ధర్మదండాన్ని గుండెకు హత్తుకుని, మాంత్రికుడి రొమ్ము మీద రెండు కాళ్లూ ఆనించి, ఒంట్లో సత్తువంతా కూడదీసుకుని కనుమ అవతలికి తన్నుకున్నాడు.